ఓడకు కుడి యెడమలు

దిక్కులను తెలుపు మాటలలో రెండు జాతులున్నవి. తూర్పు, పడమర అనునవి లోకమునకు చెందినవి. కుడి, ఎడమ అనునవి మనుష్యుని దేహమునకు చెందినవి. నేను ఎటు తిరిగినను తూర్పు మారదు. కాని నా కుడిప్రక్క నున్న గోడ నేను వెనుదిరిగినంతనే ఎడమప్రక్క దగును. మన పూర్వులు ఈ రెండు జాతులను ఒకచోట ముడివేసిరి. ఉదయించు సూర్యునకు ఎదురుగా నిలిచి, ముందున్నదానిని పూర్వమనియు, వెనుకనున్నదానిని పశ్చిమమనియు, కుడిచేతివైపు దానిని దక్షిణమనియు పిలిచిరి. దక్షిణహస్తమన్నను, దక్షిణదిక్కన్నను శబ్ద మొక్కటియే.

ఈ రెంటికిని చెందని మూడవ జాతి మాట ఒకటి ఆంగ్లభాషలో కలదు. అది లోకమునకును చెందదు, పలుకువాని దేహమునకును చెందదు, ఓడకు చెందును. స్టార్‌బోర్డు అనునది ఆ మాట. దాని జంట మాట నేడు పోర్టు, పూర్వము లార్‌బోర్డు, అంతకు పూర్వము మరియొకటి. ఈ మాటల చరిత్రమే నేటి ప్రసంగమునకు విషయము. రెండు మాటల కొఱకు ఇంత ప్రసంగమా యని శంకింపవలదు. ఈ మాటలు సరిగా వినబడకున్నను, వినినవాడు ఒకటికి మరియొక అర్థము చేసికొన్నను సముద్రమున ప్రాణములు పోవును. ఈ కారణముచేతనే రాజ్యములు వీనిని గూర్చి శాసనములు చేయవలసివచ్చినది.

మన నిఘంటువులు చూచినచో స్టార్‌బోర్డుకు "ఓడ కుడిప్రక్క" అని యుండును. తప్పు కాదు గాని చాలదు. ఎవనికి కుడి? ఓడ వెనుకభాగమున నిలిచి ముక్కువైపు చూచువానికి కుడి. అతడు వెనుదిరిగి తాను విడిచివచ్చిన తీరమును చూచుచున్నప్పుడు అతని కుడిచేయి ఎడమప్రక్కకు పోవును. స్టార్‌బోర్డు మాత్రము ఉన్నచోటనే యుండును. ఓడలో నూఱుగురు నూఱు మొగములై యుందురు. తుపానులో చీకటిలో ఒకడు "కుడివైపున బండ యున్నది" యని కేక వేసినచో, ఎవని కుడి యని విచారించుటకు వ్యవధి యుండదు. అందుచేత మనుష్యుల కుడియెడమలను తీసివేసి ఓడకే కుడియెడమలు కల్పించిరి.

ఇది మనకు వింత యనిపింపనక్కఱలేదు. మన సేద్యగాండ్ర నోట ఇట్టి మాటలే యున్నవి. కాడికి కట్టిన రెండెడ్లలో కుడిదానిని వలపటి యెద్దనియు, ఎడమదానిని దాపటి యెద్దనియు అందురు. రైతు మేడివెనుక నున్నను, ఎడ్ల కెదురుగా వచ్చి మోకు సవరించుచున్నను, దాపటిది దాపటిదే. ఎదురుగా నిలిచినవానికి అది కుడిప్రక్క నున్నదిగదా యని ఎవడును దానిని వలపటిదనడు. వలపల, దాపల అనునవి కాడికి చెందిన దిక్కులు. స్టార్‌బోర్డు ఓడకు చెందిన దిక్కు. పడవ నెఱుగని మెట్టసీమ బాలునకు నేను ఈ యింగ్లీషు మాటను బోధింపవలసివచ్చినప్పుడెల్ల ఎడ్లతోనే బోధించితిని. ఒక్కమాటు చెప్పిన చాలెడిది.

ఇక శబ్దవ్యుత్పత్తికి వత్తము. మాటలో స్టార్ అని వినబడుచున్నది గనుక నక్షత్రములతో సంబంధమున్నదని తోచును. పరీక్షపత్రమున నొక విద్యార్థి దీనిని "నక్షత్రఫలకము" అని తెలిగించెను. ఆ కల్పనకు మార్కులిచ్చుటకు వీలులేకపోయెను గాని నవ్వుకొంటిని. నక్షత్రములకును దీనికిని ఏమియు సంబంధము లేదు. ప్రాచీనాంగ్లమున ఈ మాట స్టేఓర్‌బోర్డ్. స్టేఓర్ అనగా నావను నడపు సాధనము. నేటి స్టీర్ అను క్రియ దానికి చుట్టము. బోర్డ్ అనగా ఓడప్రక్క. చుక్కాని యుండు ప్రక్క యని యర్థము.

చుక్కాని ఓడవెనుక నడుమ నుండునుగదా, ప్రక్క నుండుటేమి యని మీరడుగవచ్చును. నేటి యోడలలో నడుమనే యుండును. ఐరోపాఖండపు టుత్తరసముద్రములలో వేయేండ్లక్రిందట అట్లు లేదు. పెద్ద తెడ్డువంటి కొయ్యను ఓడ వెనుకభాగమున కుడిప్రక్కకు బిగించి దానితో నావను త్రిప్పుచుండిరి. జనులలో అధికసంఖ్యాకులు కుడిచేతివాటము వారు. ఆ తెడ్డు కుడివైపుననే అమరుట సహజము. 1880లో నార్వేదేశమున గోక్‌స్టాడ్ అనుచోట ఒక మట్టిదిబ్బను త్రవ్వగా తొమ్మిదవ శతాబ్దినాటి ఓడ యొకటి దాదాపు చెక్కుచెదరక వెలువడినది. దాని చుక్కానితెడ్డు కుడిప్రక్కనే యున్నది. శబ్దశాస్త్రజ్ఞులు మాటను చూచి ఊహించినదానికి భూగర్భము సాక్ష్యమిచ్చినది. వ్యుత్పత్తులు చెప్పు మావంటివారికి ఇట్టి భాగ్యము తఱచుగా లభింపదు.

చుక్కాని పట్టువాడు రెండుచేతులతోను దానిని పట్టి, కుడిప్రక్కకు కొంత తిరిగి నిలుచుచుండెను గాబోలు. అప్పుడు ఎడమప్రక్క అతని వీపునకు వచ్చును. అందుచేత ఎడమప్రక్కకు బేక్‌బోర్డ్ అనగా "వీపుప్రక్క" అను పేరు వచ్చెనని పండితుల యభిప్రాయము. ఇంగ్లండును పాలించిన ఆల్‌ఫ్రెడ్ రాజు 871 మొదలు 899 వఱకు రాజ్యము చేసినవాడు. ఆయన కొలువునకు ఓట్టర్ అను నార్వేదేశపు నావికుడు వచ్చి, తాను ఉత్తరముగా సాగిన ప్రయాణమును వర్ణించెను. ఆ వృత్తాంతము ఆ కాలపు ఆంగ్లగ్రంథ మొకదానిలో చేర్చబడి నేటికిని నిలిచియున్నది. తీరము వెంట పోవుచు మూడు దినములు నిర్జనభూమిని చుక్కానిప్రక్కను, విశాలసముద్రమును వీపుప్రక్కను ఉంచుకొని సాగితినని అతడు చెప్పెను. దిక్సూచి లేదు, పటము లేదు. నేల ఏ ప్రక్క నున్నదో, నీరు ఏ ప్రక్క నున్నదో అదియే అతనికి మార్గము. ఈ రెండు మాటలే అతని భూగోళశాస్త్రము.

వీపుప్రక్క యను మాట జర్మనులలో బాక్‌బోర్డ్ అనియు, ఫ్రెంచివారిలో బాబోర్ అనియు నేటికిని సజీవముగా నున్నది. ఆంగ్లేయులు మాత్రము దానిని కోల్పోయిరి. దాని స్థానమున పదునాల్గవ శతాబ్దినాటికి "లాడ్‌బోర్డ్" వంటి రూపము కనబడుచున్నది. లేడ్ అనగా సరకు ఎక్కించుట. కుడిప్రక్క చుక్కానితెడ్డు పొడుచుకొని యుండును గనుక ఆ ప్రక్కను రేవుగట్టునకు ఆనించిన తెడ్డు విఱుగును. కావున ఎడమప్రక్కను గట్టునకు చేర్చి, ఆ ప్రక్కనుండియే సరకులు ఎక్కించుచుండిరి. అది సరకుప్రక్క. క్రమముగా ఆ మాట, తన జంటయైన స్టార్‌బోర్డు నాదమునకు లోబడి, లార్‌బోర్డుగా మాఱెను. జంటమాటలు ఒకదానినొకటి పోలుట భాషలలో సాధారణమే. కాని ఈ పోలికయే తరువాత కొంప ముంచినది.

ఇచ్చట ఒక ప్రక్కత్రోవ త్రొక్కుట క్షమింతురు గాక. మన భాషలలో చుక్కానిని బట్టి ఓడప్రక్కకు పేరేల రాలేదు? సంస్కృతమున చుక్కానికి కర్ణమని పేరు. దానిని పట్టువాడు కర్ణధారుడు. కర్ణమనగా చెవియును గదా. చెవులు రెండు, తలకు ఇరుప్రక్కల నుండును. జావాద్వీపమున బోరోబుదూరు స్తూపమునందు ఎనిమిది తొమ్మిది శతాబ్దులనాటి ఓడలు శిలలో చెక్కబడియున్నవి. వానికి వెనుకభాగమున ప్రక్కలనే చుక్కానితెడ్లున్నవి. ఆ సముద్రములలో రెండుప్రక్కల రెండు తెడ్లుంచు సంప్రదాయము ప్రసిద్ధము. రెండుప్రక్కలను చెవులున్న ఓడలో ఒక ప్రక్కను చుక్కానిప్రక్క యనుటకు అవకాశము లేదు. ఇది నా యూహయే గాని నిర్ణయము కాదు.

తెలుగున చుక్కాని యనునది మన సొంతమాట కాదు. అరబ్బుల సుక్కాన్ శబ్దము నావికుల వెంట మన రేవులకు వచ్చి చుక్కాని యైనది. లంగరు, సరంగు మున్నగునవియు పారసీకమునుండి ఆ త్రోవనే వచ్చినవి. అదే సుక్కాన్ శబ్దమునుండి చుక్కాని పట్టువానికి సుక్కానీ యను పేరు హిందూమహాసముద్రపు టోడలలో వాడుక యయ్యెను. ఆంగ్లేయులు దానిని విని సీకన్నీ యని వ్రాసికొనిరి. సీ యనగా సముద్రము గనుక అది తమ మాటయే యనిపించునట్లు దిద్దుకొనిరి. స్టార్‌బోర్డులో నక్షత్రమును చూచిన నా విద్యార్థికిని, సుక్కానీలో సముద్రమును చూచిన ఆ దొరలకును భేద మేమియు నాకు కనబడదు.

ఈ మాటలు దేశములు దాటినప్పుడు కలుగు చిక్కులను నివారించుటకు థామస్ రోబక్ అను నాతడు 1811లో కలకత్తానుండి నౌకాపదములకు ఇంగ్లీషు హిందూస్థానీ నిఘంటువు నొకదానిని ప్రచురించెను. ఆజ్ఞ యిచ్చు దొర ఒక భాషవాడు. చుక్కాని పట్టు లష్కరు మరియొక భాషవాడు. వీరిరువురి నడుమ కుడియెడమలు తాఱుమాఱైనచో ఓడలోని వారందఱి గతి యేమి? ఆ నిఘంటువు పండితుల వినోదము కొఱకు వ్రాసినది కాదు. ఓడలు మునుగకుండుటకు వ్రాసినది. తెలుగుతీరమునుండి, ముఖ్యముగా కోరంగి రేవునుండి, బర్మాకు పోయినవా రెందఱో యుండిరి. బర్మాలో మనవారిని కోరంగీ లనుటయే వాడుక యయ్యెను.

కోరంగి పేరు వచ్చినది గనుక తుపాను మాట చెప్పక తప్పదు. 1789లోను 1839లోను ఆ రేవును తుపానుటుప్పెనలు నాశనము చేసినవి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడ్డింగ్టన్ బంగాళాఖాతపు తుపానులను శ్రద్ధతో పరిశోధించి, 1848లో ప్రకటించిన నావికుల గ్రంథమున సైక్లోన్ అను పేరును కల్పించెను. తుపానుగాలి పామువలె చుట్టలు చుట్టుకొని తిరుగునని ఆ పేరు. మన యుత్తరార్ధగోళమున తుపాను పోవు త్రోవకు కుడిప్రక్కనున్న సగము మిక్కిలి అపాయకరము. తెరచాపల యోడ ఆ సగమున చిక్కుకొన్నచో, స్టార్‌బోర్డు టాక్‌మీద నిలువవలెనని శాస్త్రము. అనగా గాలి ఓడకు కుడిప్రక్కనుండి కొట్టునట్లు ముక్కును నిలుపవలెనని భావము. కుడికి తిరుగుమని కాదు. గాలి కుడినుండి రావలెనని. స్టార్‌బోర్డు శబ్దము ఏ మాటతో జతకూడినదో చూడక అర్థము చెప్పువాడు ఇచ్చట ఓడను సుడిలోనికే నడపును.

ఇక లార్‌బోర్డు కథ. ఓడమీద గాలి హోరు, అలల మ్రోత, త్రాళ్ల కీచులు, చాపల చప్పుడు. ఆ రొదలో కేకవేసిన మాటకు తుదిభాగమే చెవికి చేరును. స్టార్‌బోర్డు, లార్‌బోర్డు: తుదిభాగము రెంటికిని ఒకటే. ప్రాణముల నిర్ణయించు రెండు విరుద్ధార్థపదములు ఒకే ప్రాసమున నుండుట కవిత్వమునకు సొగసేమో గాని నౌకాయానమునకు సొగసు కాదు. అందుచేత చుక్కాని పట్టువానికి ఆజ్ఞ యిచ్చునప్పుడు పదునేడవ శతాబ్దినుండియే ఎడమకు పోర్టు అను మాటను కొందఱు వాడజొచ్చిరి. రేవుగట్టున కానించు ప్రక్క గనుక పోర్టు అని యొక వ్యుత్పత్తి. సరకులు దింపు ద్వారము ఆ ప్రక్క నుండుటచే పోర్టు అని మరియొకటి. రెండింటి సారము ఒక్కటే.

1844 నవంబరు 22వ తేదీని బ్రిటిషు నౌకాధికారవర్గమువారు ఇక లార్‌బోర్డు అను మాటను విడిచి పోర్టు అనియే వాడవలెనని ఉత్తరువు చేసిరి. అమెరికా నౌకాదళము 1846లో ఆ త్రోవనే పోయెను. ఐదువందల యేండ్ల మాటను ఒక్క కాగితముతో తొలగించిరి. భాషను శాసనముతో దిద్దరాదని వాదించువారిలో నేనును ఒకడను. వాడుకయే భాషకు ప్రభువు. వైయాకరణుడు దానికి లేఖకుడు మాత్రమే. అయినను ఈ యుత్తరువును తప్పుపట్టజాలను. ఇది మాట సొగసును గూర్చిన తగవు కాదు, చెవికి విడివిడిగా వినబడుటను గూర్చినది. మఱియు వారు క్రొత్తమాటను పుట్టింపలేదు. నావికుల నోట నప్పటికే యున్నదానిని గ్రహించి రెండవదానిని విరమింపజేసిరి.

నావికుల కళ్లకు కూడ ఈ భేదము తెలియవలసియున్నది. 1848 ప్రాంతమున బ్రిటిషు ఆవిరియోడలు రాత్రివేళ ఎడమప్రక్క ఎఱ్ఱదీపమును, కుడిప్రక్క పచ్చదీపమును ఉంచవలెనని నిబంధన వచ్చెను. చీకటిలో ఎదుటి యోడయొక్క ఎఱ్ఱదీపము కనబడినచో దాని ఎడమప్రక్కను చూచుచున్నామని తెలియును. రెండును కనబడినచో అది మనమీదికే వచ్చుచున్నదని తెలియును. విమానములు కూడ ఈ యాచారమునే గైకొన్నవి. వాని యెడమఱెక్క కొసను ఎఱ్ఱదీపము, కుడిఱెక్క కొసను పచ్చదీపము నుండును.

పేరు మాఱినంతమాత్రమున చిక్కు తీరలేదు. దానికంటె పెద్దచిక్కు అర్థములోనే యుండెను. దీనిని కొంచెము సావధానముగా వినవలెను. చుక్కానితలకు ఒక కఱ్ఱ బిగించియుండును; దాని పేరు హెల్మ్ లేక టిల్లరు. ఆ కఱ్ఱ ఓడలోనికి ముందుకు వచ్చియుండును. దానిని కుడికి నెట్టినచో వెనుక నీటిలోనున్న చుక్కానిపలక ఎడమకు పోవును. ఓడముక్కు ఎడమకు తిరుగును. కావున పూర్వపు నాయకుడు "స్టార్‌బోర్డు" అని కేక వేసినచో దాని యర్థము: కఱ్ఱను కుడికి నెట్టుము, ఓడను ఎడమకు త్రిప్పుము. పడవ నడపువారికి ఇది సహజము. కఱ్ఱ చేతిలోనే యున్నదిగదా.

పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున పెద్దయోడలకు చక్రము వచ్చెను. చక్రమును ఎడమకు త్రిప్పిన ఓడ ఎడమకు తిరుగునట్లు త్రాళ్లు కట్టుట సాధారణమయ్యెను. కఱ్ఱ కంటికి కనబడకుండ పోయినది. మాట మాత్రము కఱ్ఱనే అంటిపెట్టుకొని యుండెను. నాయకుడు స్టార్‌బోర్డు అని పలికినంతనే చక్రము పట్టినవాడు చక్రమును ఎడమకు త్రిప్పవలెను. చక్రము, చుక్కాని, ఓడముక్కు మూడును ఎడమకే పోవును. కుడికి పోవునది ఎవరికిని కనబడని, ఒక్కొక్కచోట అసలే లేని, కఱ్ఱ యొక్కటియే. శ్రాద్ధమున తద్దినము మఱచి పిల్లిని కట్టుట మాత్రము జ్ఞాపకముంచుకొన్న కథ మీరు వినియే యుందురు. ఆచారము ప్రయోజనమును మించి బ్రతుకుట మనదేశమున మాత్రమే కలదనుకొనరాదు.

టైటానిక్ ఓడ విషయము ఇచ్చటనే వచ్చును. 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషములకు మంచుకొండ ఎదురుగా కనబడెను. అధికారి విలియం మర్డాక్ "హార్డ్ ఎ స్టార్‌బోర్డు" అని ఆజ్ఞాపించెను. చక్రము పట్టియున్న రాబర్ట్ హిచెన్స్ ఆ యాజ్ఞను నెఱవేర్చెను. ఓడముక్కు ఎడమకు తిరిగెను. మంచుకొండ కుడిప్రక్కను ఒరసికొని పోయెను. తెల్లవాఱుజామున 2 గంటల 20 నిమిషములకు ఓడ మునిగెను. సుమారు 1,500 మంది మరణించిరి. నేటి పాఠకుడు ఈ వృత్తాంతమును చదివి, కుడికి త్రిప్పుమన్నచో ఎడమకు త్రిప్పినాడేమి, ఆ పొరపాటుచేతనే మునిగినది గాబోలు, అని తలంచుట కద్దు. 2010లో ఒక రచయిత్రి చక్రమువాడు ఆజ్ఞను విపరీతముగా గ్రహించి ముందు తప్పుప్రక్కకు త్రిప్పెనని ఒక కథనము ప్రకటించినప్పుడు లోకము చెవికోసికొని వినెను. చరిత్రకారులు దానిని ఒప్పుకొనలేదు. నాటి బ్రిటిషు ఓడలలో, చాపల యోడయైనను ఆవిరియోడయైనను, ఆజ్ఞావిధానము ఒక్కటే. అందు తడబడుటకు కారణము లేదు. స్టార్‌బోర్డు అన్నచో ఓడ ఎడమకు తిరుగుటయే నాటి న్యాయము. మర్డాక్ కోరినదియు అదే. హిచెన్స్ చేసినదియు అదే. మాట యర్థము మాఱిన తరువాత పుట్టినవారము, మాఱకముందు ఆజ్ఞను పాలించినవాని మీద నిందమోపుట ధర్మము కాదు. ఆ సేవకుడు విన్న యాజ్ఞను విన్నట్లు నెఱవేర్చెను. అతని పేరునకు అంటగట్టిన ఈ మచ్చను నిఘంటువుతో తుడువవలసి యుండుట నాకు విచారకరముగా నున్నది.

1929లో లండనునందు సముద్రమున ప్రాణరక్షణమును గూర్చి వివిధరాజ్యముల ప్రతినిధులు సమావేశమైరి. చుక్కానివానికి ఇచ్చు ఆజ్ఞ ఇకమీదట సూటి యర్థమున నుండవలెనని, అనగా స్టార్‌బోర్డు అన్నచో చక్రము, చుక్కాని, ఓడముక్కు అన్నియు కుడికే పోవలెనని, వారు ఒప్పందము చేసికొనిరి. ఐరోపాలో కొన్ని దేశములు అప్పటికే ఈ మార్పు చేసియుండెను. బ్రిటిషువారు 1932లో చట్టము చేసి 1933 ఆరంభమునుండి దానిని అమలుపఱచిరి. అమెరికా నౌకాదళము 1913లోనే ఈ తగవును వదిలించుకొని చక్రము వానికి రైట్, లెఫ్ట్ అను ఇంటిమాటలతోనే ఆజ్ఞ లీయజొచ్చెను. ఒక్కసారి ఆలోచింపుడు: ముప్పదియేండ్లు స్టార్‌బోర్డు అనగానే చేతులు ఎడమకు పోవుట కలవాటుపడిన వృద్ధనావికుడు, ఒక అర్ధరాత్రి గడచి తెల్లవాఱునప్పటికి అదే మాటకు కుడికి త్రిప్పవలెను. 1844లో మాట మాఱెను, అర్థము నిలిచెను. 1933లో మాట నిలిచెను, అర్థము తలక్రిందులయ్యెను. రెండవదే కష్టమని వేఱుగ చెప్పనేల? క్రొత్తమాటను నేర్పవచ్చును, పాతమాటను మఱపించుట కష్టము.

ఈ మార్పు పద్యములను కూడ విడువలేదు. బ్రిటిషు వాణిజ్యశాఖయందు పనిచేసిన థామస్ గ్రే నావికులకు కంఠస్థమగుటకై దీపముల నియమములను పద్యములుగా కట్టెను. మన బాలశిక్షలలో తిథివారములను పద్యములలో నేర్పినట్లే. ఎదుటి యోడ రెండు దీపములును కనబడినచో హెల్మును పోర్టునకు పెట్టి నీ యెఱ్ఱదీపమును చూపుమని అందలి భావము. ఓడ కుడికి తిరిగిననే గాని ఎఱ్ఱదీపము ఎదుటివానికి చూపబడదు. పోర్టు అనగా కఱ్ఱ ఎడమకు, ఓడ కుడికి. అర్థము తిరుగబడినపిమ్మట ఆ పద్యమును యథాతథముగా వల్లించినవాడు ఎదుటి యోడకు అడ్డముగా పోవును. కావున పోర్టునకు మాఱుగా స్టార్‌బోర్డు అని దిద్దవలసివచ్చెను. యతిప్రాసలు చెడినను ప్రాణములు దక్కుట మేలు.

ఈ మాటలను ఆశ్రయించి ఒక కట్టుకథ మనదేశమును గూర్చి ప్రచారములో నున్నది. సంపన్నులు, దొరతనము గలవారు అను నర్థమున ఆంగ్లమున పాష్ అను మాట కలదు. ఇంగ్లండునుండి సూయజు కాలువగుండ ఇండియాకు వచ్చు దొరలు పోవునప్పుడు పోర్టుప్రక్క గదులను, తిరిగి వచ్చునప్పుడు స్టార్‌బోర్డుప్రక్క గదులను కోరుచుండిరనియు, ఎండ తగులని ఆ గదుల టిక్కెట్లమీద నాలుగు మాటల మొదటి యక్షరములు కలిపి ముద్రించిరనియు ఆ కథ. తూర్పునకు పోవు ఓడకు ఎడమ ఉత్తరము, సూర్యుడు ఎక్కువకాలము దక్షిణమున నుండును గనుక యుక్తికి లోపము లేదు. కాని అట్టి టిక్కెట్టు ఒక్కటియు నేటివఱకు బయటపడలేదు. ఈ కథ అచ్చులో కనబడునదియు 1935 ప్రాంతముననే. యుక్తి కుదిరినంతమాత్రమున వ్యుత్పత్తి సత్యము కాదు. మనలో ఊళ్ల పేళ్లకు పురాణములు కట్టువారు దీనిని గమనింతురు గాక.

నేటి యోడలకు 1972నాటి అంతర్జాతీయనియమములు, 1977లో అమలులోనికి వచ్చినవి, ప్రమాణము. యంత్రబలముతో నడచు రెండోడల త్రోవలు ఒకదాని కొకటి అడ్డముగా వచ్చినచో, ఎదుటి యోడను తన స్టార్‌బోర్డుప్రక్క చూచుచున్న ఓడయే తొలగవలెను. రేవులోనికి వచ్చు కాలువకు ఇరుప్రక్కల తేలు గుఱుతులకును ఈ మాటలే యాధారము. సముద్రమునుండి వచ్చువానికి పోర్టుప్రక్క ఎఱ్ఱగుఱుతు, స్టార్‌బోర్డుప్రక్క పచ్చగుఱుతు నుండుట మనదేశపు పద్ధతి. విశాఖపట్టణమున ప్రవేశించు ఓడకును అంతే. అమెరికాఖండములలో దీనికి సరిగా విపరీతము. ఇచ్చట గమనింపవలసిన దొకటి: ఈ కుడియెడమలు ఓడకు కాక త్రోవకు చెందినవి. సముద్రమువైపునుండి వచ్చుటయే ఆ త్రోవకు ముఖము. రేవునుండి బయటికి పోవు ఓడకు ఎఱ్ఱగుఱుతు కుడిప్రక్క వచ్చును. గుఱుతు మాత్రము పోర్టుగుఱుతే.

తుదకు తెలుగు చేయువారికి ఒక విన్నపము. నావికుల కథలను, ఓడల చరిత్రములను తెలిగించునప్పుడు స్టార్‌బోర్డును వట్టి కుడిగా, పోర్టును వట్టి ఎడమగా వ్రాసినచో పాత్రల మొగములు తిరిగినప్పుడెల్ల అర్థము తిరుగును. పోర్టును రేవు అని వ్రాసినవారును లేకపోలేదు; అప్పుడు నడిసముద్రమున ఓడ రేవువైపునకు తిరుగును! మన సేద్యగాని వలపల, దాపలలు సిద్ధముగా నున్నవి. ఓడ వలపలిప్రక్క, దాపలిప్రక్క యనిన చాలును. అవి పొలమున పుట్టినవి గదా యని సంకోచింపనక్కఱలేదు. స్టార్‌బోర్డు మాత్రము తెడ్డుకఱ్ఱ దగ్గఱ పుట్టినది కాదా? ఇక ఆజ్ఞారూపమున నున్నచోట తెలిగించువాడు మొదట గ్రంథము ఏ కాలపు సంగతిని చెప్పుచున్నదో చూడవలెను. 1933 తరువాతి బ్రిటిషు ఓడయైనచో "ఓడను వలపలికి త్రిప్పుము" అని వ్రాయవచ్చును. అంతకు ముందటిదైనచో "కఱ్ఱను వలపలికి నెట్టుము" అని వ్రాసి, ఓడ దాపలికి తిరిగెనని మరుసటి వాక్యమున చెప్పవలెను.